నీకెందుకమ్మా అన్నావు గదా

చిన్నపాపకు మీ అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమంతా బాగున్నాము. నాయనకు మోకాలి నొప్పి కొంచెం తగ్గింది. జేజి నిన్ను తలచుకోని పూట లేదు.

మొన్న రాత్రి ఫోన్లో ఏడ్చినావు. "ఊర్లో అందరూ నిన్నే తిడతున్నారంట, నీకెందుకమ్మా ఇవన్నీ" అన్నావు. పక్కన నాయన, బయట అరుగు మీద మనుషులు. నాకు నోరు పెగల్లేదు. అందుకే రాస్తున్నా. డ్యూటీ లేని రోజు తీరిగ్గా చదువుకో.

కింది వీధి పిల్ల పెండ్లి మేము ఆపిన సంగతి నీకు ఎవరు ఎట్లా చెప్పినారో గాని, జరిగింది ఇది.

దసరా అయిన వారానికి కింది వీధి పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకొని నా అంగన్‌వాడీ సెంటరుకు వచ్చింది. ఎవరో నీకు తెలుసు. నువ్వు సెలవులకు వస్తే నీ చెప్పులేసుకొని వీధంతా తిరిగే పిల్ల. తొమ్మిదో తరగతి. బడి మానేసి నెలయింది కాబట్టి వారం వారం ఇచ్చే నీలం ఐరన్ మాత్ర నా దగ్గరే తీసుకుంటా ఉంది. ఆ రోజు మాత్ర చేతిలో పెడితే, "టీచరమ్మా, రెండు నెలలవి ఒకేసారి ఇస్తావా" అని అడిగింది. సుగ్గికి, అదే గుంటూరు పక్క మిరపకోత వలసకు, పోతున్నారేమో అనుకున్నా. కానీ మిరపకోతకు ఇంకా చానా రోజులుంది. "యాడికే పోయేది?" అన్నా. తమ్ముడి చొక్కా గుండీ పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. "గుంటూరుకు కాదు, మామోళ్లింటికి" అన్నది.

పద్నాలుగేండ్ల పిల్ల. రక్తం తక్కువుంది, మాత్ర మానొద్దు అని నేనే చెప్పి ఉన్నా. ఆ మాట గుర్తుపెట్టుకొని, అత్తగారింటికి పోతా మాత్రలు మూట కట్టుకోవాలనుకుంది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

వాళ్ల నాయన చెడ్డోడు కాదు పాపా. ఇది నువ్వు ముందు తెలుసుకోవాల. మన పడమటి కర్నూలు పల్లెల సంగతి నీకు కొత్తగా చెప్పేదేముంది? వాన పడకపోతే కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం చుట్టుపక్కల ఊర్లకు ఊర్లే తాళాలేసుకొని సుగ్గికి పోతాయి. కూలికి తీసుకపోయే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాక పోక తప్పదు. అక్కడ చేన్ల పక్కన పట్టలు కట్టుకొని పడుకోవాల. పెద్దమనిషైన పిల్లను అక్కడికి తీసుకపోతే భయం, ఇక్కడ ముసలామె దగ్గర వదిలిపెట్టి పోతే భయం. "గుండెల మీద కుంపటి పెట్టుకొని కూలికి యాడికి పోతా టీచరమ్మా" అని ఆయన నన్నే అడిగినాడు. పిల్లోడు మేనమామ కొడుకే, కట్నం అడగరు, ఉన్నదాంట్లో చేసేయొచ్చు. ఆ మనిషికి పెండ్లి అంటే బిడ్డకు ఒక తలుపు, ఒక గడియ.

అందుకే మేము చట్టం పట్టుకొని పోలేదు. మా పొదుపు సంఘంలో ఐదుగురం పోయినాము. ఒకరోజు కాదు, తొమ్మిది రోజులు. ఒకపూట పోయి టీ తాగి వచ్చేది, ఇంకోపూట వాళ్లతో పాటు పత్తి తీస్తా మాట్లాడేది. నీకు సీటు వచ్చినప్పుడు ఎంత తిరిగినామో గుర్తుంది గదా, దానికంటే ఎక్కువ తిరిగినాము. కస్తూర్బా బడి మేడమ్ దగ్గరికి రెండుసార్లు పోయి, బడి మానేసిన పిల్ల అని చెప్పి సీటు ఖాయం చేసుకున్నాము. అక్కడ తిండి, పడక, కాపలా అన్నీ ఉంటాయి. ఉగాదికి మీరు తిరిగొచ్చేదాకా బిడ్డ భయం మీకుండదు అని చెప్పినాము. దానికి ఆయన మెత్తబడినాడు.

మెత్తబడనిది ఆ పిల్ల జేజి. "నాకు పదకొండేండ్లకే చేసినారు. నేను బతకలేదా? ఇంతమందిని కనలేదా?" అన్నది. నేను కాన్పు గురించి, రక్తం గురించి ఏదో చెప్పబోయినా. మాతో వచ్చిన పై వీధి ముసలామె నా చేయి పట్టుకొని ఆపింది. ఆ జేజి పక్కన గుంజకు ఆనుకొని కూర్చొని, "ఏమే, ఎంతమందిని కంటివి?" అని అడిగింది. "తొమ్మిది కాన్పులు." "ఎంతమంది మిగిల్రి?" ఆమె వేళ్లు మడవడం మొదలుపెట్టింది. ఒక్కో వేలు దగ్గర ఆగింది. ఇది మశూచొచ్చి పోయింది, ఇది పురిట్లోనే, ఇది నడక నేర్చినాక. మిగిలినోళ్లు నలుగురే అని తేలినాక చేయి ఆగిపోయింది. పోయిన ఐదుగురి పేర్లూ ఆమెకు గుర్తున్నాయి పాపా, పేరు పెట్టకముందే పోయిన బిడ్డను కూడా అది పుట్టిన వారం పేరుతో చెప్పింది. మళ్లీ పెండ్లి మాట ఎత్తలేదు. వంటింట్లోకి పోయి మాకు మజ్జిగ తెచ్చింది.

ఇంత జరిగినాక కూడా ఆపలేకపోయేవాళ్లమే. పిల్లోడి తరఫు వాళ్లు ఊరుకోలేదు. తుంగభద్ర దాటితే కర్ణాటక, అవతల గుడిలో తాళి కట్టించేస్తే ఇక్కడోళ్లు ఏం చేస్తారు అనుకున్నారు. రాత్రి తొమ్మిదింటికి ఆటో వచ్చి ఆగింది. ఆ పిల్ల తమ్ముడు, ఆరేండ్లోడు, చీకట్లో పరిగెత్తుకుంటా మన ఇంటికి వచ్చినాడు. అప్పుడు 1098కి, పిల్లలను కాపాడే హెల్ప్‌లైనుకు, ఫోన్ చేసినా. అవును, నేనే చేసినా, నా పేరే చెప్పినా. మండలం నుంచి ఆఫీసర్లు, పోలీసులు వచ్చినారు, పిల్లకు పద్దెనిమిది నిండేదాకా పెండ్లి చేయబోమని రెండు పక్కల వాళ్లతో రాయించుకున్నారు. నిన్ను బాధపెట్టిన తిట్లన్నీ ఆ రాత్రివే. చుట్టాలు వచ్చి ఉండిరి, బియ్యం వండి ఉండిరి. మూడు రోజులు కింది వీధి పిల్లలను సెంటరుకు పంపలేదు. నాలుగో రోజు ఆ పిల్ల జేజి తన మనవణ్ణి చేయి పట్టుకొని తెచ్చి నా ముందర దింపింది. ఇప్పుడు అందరూ వస్తున్నారు.

ఇక నీ ప్రశ్న. నాకెందుకు?

నాకు 1998లో పెండ్లి చేసినారు, పదిహేనేండ్లకు. ఏడో తరగతి మాన్పించి రెండేండ్లు పత్తి విత్తనం చేన్లలో క్రాసింగుకు పంపినాక. సాయంత్రం మొగ్గ ఒలిచేది, పొద్దున్నే మగపువ్వు తెచ్చి రుద్దేది. పెద్దోళ్ల కంటే చిన్నపిల్లల వేళ్లయితే మొగ్గ నలగదు అనేవాళ్లు. ఆ వేళ్లకే గోరింటాకు పెట్టినారు. నువ్వు పుట్టకముందు రెండు పోయినాయని నీకు తెలుసు. ఎందుకు పోయినాయో నువ్వు ఇప్పుడు చదువుతున్న పుస్తకాల్లో ఉంటుంది. ఆ తర్వాత సంఘం అక్కలే నాతో పదో తరగతి కట్టించినారు, అంగన్‌వాడీకి అర్జీ పెట్టించినారు. నాకు జరిగింది కాబట్టి ఇంకొకరికి వద్దు అనుకుంటున్నా అని నువ్వు అనుకోవచ్చు. అది సగమే. మిగతా సగం నీకు ఎప్పుడూ చెప్పలేదు.

ఆరేడేండ్ల కింద మన వెనక సందులో ఒక పెండ్లి జరిగింది. ఆ పిల్లకు పదిహేను. నాకు తెలుసు, నా రిజిస్టర్లోనే పుట్టిన తేదీ ఉంది. అయినా పోయినా. భోంచేసి, నూటపదహార్లు చదివించి వచ్చినా. ఊర్లో మాట పడడం ఇష్టం లేక. ఏడాదికి ఆ పిల్ల గర్భవతిగా నా సెంటరుకే వచ్చింది. వాళ్ల అత్త బతిమాలితే వయసు గడిలో 19 అని రాసినా. రాసింది నా చేయే. ఆ బిడ్డ దక్కలేదు. తర్వాత ఇద్దరు పుట్టినారు, ఇరవై ఒకటికి ఆపరేషన్ చేయించేసినారు. ఇప్పుడు నడుం పట్టుకొని బోరింగు దగ్గర బిందె ఎత్తలేక నిలబడుతుంది.

చట్టంలో ఒక మాట ఉంది పాపా. 2006 చట్టం ప్రకారం చిన్నప్పుడు జరిగిన పెండ్లిని ఆ పిల్లే కోర్టుకు పోయి రద్దు చేయించుకోవచ్చు, ఇరవై ఏండ్లు నిండేలోపు. ఆ సంగతి ట్రైనింగులో విని, పరుగున వచ్చి ఆ పిల్ల వయసు లెక్కేసినా. ఇరవై దాటి నాలుగు నెలలయింది. అది వాడుకునేదో లేదో, చెప్పేవాళ్లయినా ఉండాల గదా. ఆ మాటే ఆమెతో అంటే, నన్ను ఊరికే చూసి, "పెండ్లికి మీరూ వచ్చినారు గదా టీచరమ్మా" అన్నది. కోపంగా కాదు, మామూలుగానే అన్నది. ఈ పిల్ల రెండు నెలల మాత్రలు అడిగినప్పుడు నాకు వినబడింది ఆ మాటే.

నువ్వు నర్సువు అవుతావు, లెక్కలు నీకు రోజూ కనబడతాయి. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో 20 నుంచి 24 ఏండ్ల ఆడోళ్లను అడిగితే, పద్దెనిమిది నిండకముందే పెండ్లయినోళ్లు దేశం మొత్తం మీద నూటికి 23 మంది, మన ఆంధ్రలో 29 మంది. దేశమంతటి కంటే మనమే ఎక్కువ. 1929లో శారదా చట్టం వచ్చింది, 1978లో ఆడపిల్లకు 18, మగపిల్లోడికి 21 చేసినారు, 2006 చట్టంలో రెండేండ్ల జైలు, లక్ష జరిమానా దాకా పెట్టినారు. ఇన్ని చట్టాలు మన కింది వీధి దాకా నడిచి రాలేదు, ఎవరో ఒకరు మోసుకొని రావాల. తెలంగాణలో శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు రంగారెడ్డి పల్లెల్లో 1991 నుంచి చేసింది అదే. పనిలో ఉన్న పిల్లలను బడికి తెచ్చేదానితో మొదలుపెట్టి, ఊర్లోని టీచర్లను, యువకులను, ఆడోళ్లను కూడగట్టినారు. తల్లిదండ్రులను దోషుల్లా చూడలేదు, వాళ్లకూ బిడ్డ చదవాలనే ఉంటుందని నమ్మినారు. ఆమెకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. మేము ఆ ఇంటికి తొమ్మిది రోజులు తిరిగింది ఆ నమ్మకం మీదనే.

"నీకేమన్నా అయితే" అన్నావు. ఆ భయం ఉట్టిదే అని నేను చెప్పను. రాజస్థాన్‌లో భటేరీ అని ఒక ఊరు, అక్కడ భన్వరీ దేవి అని ఒకామె. నా లాంటి పల్లె కార్యకర్తే, వాళ్లు సాథిన్ అంటారు. 1992లో, ఏడాది కూడా నిండని పసిబిడ్డకు పెండ్లి చేస్తుంటే ఆపాలని చూసింది. అందుకు పగబట్టి తన మీద అత్యాచారం చేసినారని కేసు పెట్టింది. 1995లో కింది కోర్టు వాళ్లను ఆ నేరం నుంచి విడిచిపెట్టింది. ఆడోళ్ల సంఘాలు ఊరుకోలేదు, సుప్రీంకోర్టుకు పోయినారు, 1997లో విశాఖ తీర్పు వచ్చింది. మన విశాఖపట్నం కాదు, కేసు వేసిన సంస్థ పేరు అది. 2013లో పని చేసే చోట ఆడోళ్లకు రక్షణ చట్టం వచ్చింది దాని వెనకే. మీ ఆస్పత్రి గోడ మీద, వేధింపులు జరిగితే ఫలానా కమిటీకి చెప్పుకోండి అని బోర్డు ఉంటుంది చూడు. నువ్వు నైట్ డ్యూటీకి పోతా ఆ బోర్డు పక్కనుంచే నడుస్తావు. అది ఒక పల్లెటూరి ఆమె పసిబిడ్డ పెండ్లి ఆపడానికి పోయినందుకు వచ్చింది. నాకు ఆమె గుర్తొచ్చినప్పుడల్లా రెండూ అనిపిస్తాయి, భయమూ, ధైర్యమూ. అందుకే నేను ఒక్కదాన్ని ఎప్పుడూ పోను. ఐదుగురం పోతాము. రాత్రి పూట నాయన టార్చి పట్టుకొని వెనక వస్తాడు. ఈ విషయం నీకు చెప్పొద్దన్నాడు, చెప్తున్నా.

పని అయిపోలేదు. సంక్రాంతి దాటితే వాళ్లమ్మానాన్నలు గుంటూరు బండెక్కుతారు. అక్కడ ఎవరైనా చుట్టాలు మళ్లీ నూరిపోస్తే? అందుకే మేస్త్రీ అడ్వాన్సులో కొంత తీర్చడానికి సంఘం నుంచి అప్పు ఇచ్చినాము, పూర్తిగా మేస్త్రీ చేతిలో ఉండకుండా. నెలకోసారి ఒకరు కస్తూర్బాకు పోయి పిల్లను చూసి రావాలని వంతులు వేసుకున్నాము. ఈ నెల నా వంతు.

ఒకటి నిన్ను అడగకుండా చేసినా. ఆ పిల్ల బడికి పోయేటప్పుడు బట్టలు సిమెంటు సంచిలో పెట్టుకుంది. నీ హాస్టలు ఇనుప పెట్టె అటక మీద ఉంది గదా, దింపి తుడిచి ఇచ్చినా. మూత మీద నీ పేరు అట్లాగే ఉంచినాము, దాని కింద ఆ పిల్ల పేరు రాయించినాము. తాళంచెవి ఒకటే ఉంది, రెండోది నీ దగ్గర ఉంటే తీసుకొని రా.

వచ్చే నెల రెండో ఆదివారం సెలవు పెట్టగలవా? నాతో పాటు కస్తూర్బాకు రా. అక్కడి పిల్లలకు నెలసరి గురించి, రక్తం గురించి నేను చెప్తే టీచరమ్మ చెప్పినట్టుంటుంది, నువ్వు చెప్తే అక్క చెప్పినట్టుంటుంది. వచ్చేటప్పుడు నాయన మోకాలికి ఆ పచ్చ ట్యూబు మందు తీసుకురా, ఆదోనిలో దొరకలేదు.

వేళకు తిను. నైట్ డ్యూటీ ఉన్న రోజు పగలు నిద్రపో.

ఇట్లు,
మీ అమ్మ