మొదటి ఆదివారం లేచి పోకు

బొబ్బిలి

ఒరే బావా,

వందనాలు. నీ ఉత్తరం అందింది. కనుమ నాడు మళ్లీ తాగేశాననీ, అప్పట్నుంచి నెలలో మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల (అదే, రొట్టే ద్రాక్షరసం) ఇచ్చే వేళకి లేచి బయటికి పోతున్నాననీ రాశావు. "అయోగ్యంగా తీసుకుంటే శిక్ష కదరా" అన్నావు. ఆ ఒక్క మాటే నిన్ను గుమ్మం దాటిస్తోంది, ముందు దాని సంగతి చూద్దాం.

బైబిల్లో పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి ఉత్తరం, 1 కొరింథీ 11లో 27వ వచనం ఒక్కటీ చదివి పుస్తకం మూసేస్తే ఎవరికైనా వణుకే. 21కి వెళ్లు. ఆ సంఘంలో బల్ల దగ్గర కలిగినోళ్లు ముందే తినేస్తున్నారు, ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు మత్తులో ఉన్నాడు. పౌలు కోపం ఆ తీరు మీద. "అయోగ్యముగా" అంటే తీసుకునే పద్ధతి. "అయోగ్యుడు" అని రాయలేదు. యోగ్యులకే అయితే ఆ రొట్టె ఏ ఊళ్లోనూ విరవక్కర్లేదు. ఇక 28: తన్ను తాను పరీక్షించుకుని, "ఆలాగుచేసి" తినాలన్నాడు. పరీక్షించుకుని ఇంటికి పొమ్మన్లేదు కదేటి! (తాగొచ్చి కూర్చుంటే మాత్రం అది అచ్చంగా 21వ వచనమే. అలా రాకు.)

బాగుపడ్డాక వస్తానంటావు. రోమా 5 చూడు, 6లో మన పేరు బలహీనులు, భక్తిహీనులు; 8లో పాపులు; 10లో ఏకంగా శత్రువులు. క్రీస్తు చనిపోయింది మనకి ఆ పేర్లున్నప్పుడే.

యెషయా 42:3లో "మకమకలాడుచున్న జనుపనార వత్తి" అని ఉంది చూశావా? హెబ్రీలో అవిసెనార, మనోళ్లు జనుపనార అన్నారు, మన జిల్లాకి సరిపోయింది. గోగునార ఊరేసి ఊడదీసే ఊరోడివి, ఆరని పోగుకి నిప్పంటిస్తే ఎంత పొగో, కళ్లెలా మండుతాయో నీకు చెప్పాలా? మనమైతే కాలితో నలిపేస్తాం. క్రీస్తు ఆర్పడట.

ఒప్పుకోలు దగ్గర జాగ్రత్త. "నేను పాపిని తండ్రీ" అని గుండుగుత్తగా అనెయ్యకు, ఆ మాట వెనక ఎవడైనా దాక్కోగలడు. ఏ రోజు, ఎంత, ఎవరి డబ్బుతో, అది చెప్పు. 1 యోహాను 1:9లో క్షమించేవాణ్ణి జాలిగలవాడని కాదు, "నమ్మదగినవాడును నీతిమంతుడును" అన్నాడు. క్రీస్తు తీర్చేసిన అప్పుని మళ్లీ నీ దగ్గర వసూలు చెయ్యడం నీతి కాదు గనక. అందుకే మూడ్రోజుల ఉపవాసంతో వాయిదాలు కట్టాలని చూడకు. పైగా రోజూ తాగుతున్నోడు ఉన్నపళంగా మానేస్తే వణుకు, ఒక్కోసారి మూర్ఛ కూడా వస్తుంది. నీ సంగతి అదైతే ముందు పెద్దాసుపత్రిలో చూపించుకో.

చెల్లెమ్మ డబ్బు తీశావు కదా, తిరిగి ఇచ్చెయ్. అది క్షమాపణకి వెల కాదు. సుంకాలు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నది కూడా యేసు అతనింట దిగుతానన్నాకే.

ఇక ఒట్లు వెయ్యకు. యేసు కోసం చావుకైనా సిద్ధమన్న శిష్యుడు పేతురు, కోడి కూసేలోపు ఆయనెవరో తెలీదని మూడుసార్లు బొంకాడు. అతను పడకముందే, అతని నమ్మిక తప్పిపోకూడదని యేసు వేడుకున్నాడు (లూకా 22:32). పేతురు మళ్లీ లేచాడంటే ఆ వేడుకోలు వల్లే గానీ ఒట్టు వల్ల కాదు.

జీతం వచ్చిన రోజు డబ్బు చెల్లెమ్మ చేతిలో పెట్టి, సాయంత్రం ఆరింటికి నాకు ఫోన్ చెయ్. ఏటి మాట్లాడాలో తెలీకపోయినా సరే. పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
బావ