వయొలిన్ మాస్టారి పోస్టు ఇంకెన్నాళ్లు ఖాళీగా ఉంచుతారు?

గౌరవనీయులైన సాంస్కృతిక శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

నేను ప్రభుత్వ సంగీత పాఠశాలలో వయొలిన్ నేర్పి రిటైరైనవాణ్ణి. ఆనాటి నుంచి ఆ పోస్టు ఖాళీగానే ఉంది. అర్జీలు ఇచ్చాం. తల్లిదండ్రులు సంతకాలు చేసి పంపారు. ‘ఫైలు పైన ఉంది’ అన్న మాట తప్ప ఇంకో మాట వినలేదు. పోస్టుల మంజూరు, గెస్ట్ టీచర్ల రూల్సు అన్నీ మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. పిల్లలు ఏమైపోతున్నారో మాత్రం మీరు వినాలి.

వయొలిన్ పిల్లల్ని తీసుకెళ్లి గాత్రం క్లాసులో కూర్చోబెడుతున్నారు. గాత్రం టీచరుగారు గొప్ప విద్వత్తు ఉన్నావిడ, ఆమెను ఒక్క మాట కూడా అనను. అపస్వరం పలికితే వెంటనే పట్టుకుంటారు. కానీ అది చేతిలో ఎక్కడ పుట్టిందో వయొలిన్ వాయించేవాళ్లకే తెలుస్తుంది. వేలు ఎక్కడ పెట్టాలో చూపడానికి వీణకు ఉన్నట్టు దీనికి మెట్లు ఉండవు. వేలు రవ్వంత జరిగితే గాంధారం (గ) చెడుతుంది. ఎడమ బొటనవేలు బిగించి పట్టుకుంటే వేళ్లు జారవు, స్వరాన్ని ఊపి పలికించే గమకం పలకదు. కుడి మణికట్టు బిగిస్తే కమాను, అంటే తీగల మీద లాగే బద్ద, తీగ మీద గీరుకుంటుంది. ఇవన్నీ మొదటి ఏడాదిలోనే పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని సరిచెయ్యాలి. తరవాత సరిచెయ్యడమంటే నేర్చుకున్నదంతా మరిపించి మళ్లీ మొదలుపెట్టించడమే.

ఈ మధ్య ఆరో తరగతి చదివే పిల్ల ఒకతి మా ఇంటికొచ్చి మొదటి పాఠాలైన సరళీ స్వరాలు వాయించింది. లావు తీగ నుంచి లెక్కిస్తే మూడో తీగ మీద మధ్య షడ్జం (స) ఉండాల్సిన చోట రిషభం (రి) పలుకుతోంది. ఏమిటా అని చూస్తే, వీడియో చూసి పాశ్చాత్య పద్ధతిలో శృతి చేసుకుంది. మన స-ప-స-ప శృతి ఆ పిల్లకు చెప్పినవాళ్లే లేరు. పైగా పెద్దవాళ్ల వయొలిన్, చెయ్యి చివరిదాకా అందక భుజం ఎత్తేసి వాయిస్తోంది. చిన్న సైజు వయొలిన్లు పాఠశాలలో లేవా అంటే, ఉన్నాయి. బీరువాలో ఉన్నాయి. ఒకదానికి తీగల్ని ఎత్తి పట్టే బ్రిడ్జి పడిపోయింది, ఇంకొకదానికి తీగలు తెగాయి. వయొలిన్ టీచరు లేరు కాబట్టి స్టాకు రిజిస్టర్లో ఎవరూ సంతకం పెట్టరు. సంతకం లేనిదే బీరువా తియ్యరు. ఆ పిల్ల భుజం నొప్పికి ఎవరు బాధ్యులో మీరే చెప్పండి.

ఉద్యోగం ఉండబట్టే నేను కచేరీల్లో పక్కవాద్యం వాయిస్తూ, పిల్లలకు నేర్పుతూ బతకగలిగాను. సాయంత్రం కచేరీలో నన్ను చూసిన పిల్లలే మర్నాడు క్లాసులో చేరేవాళ్లు. డిప్లొమా చేసిన ఇప్పటి కుర్రాళ్లకు ఆ దారి లేదు. మంచి చెయ్యి ఉన్నవాళ్లు కూడా వాద్యం మూలన పెట్టి వేరే ఉద్యోగాలు చూసుకుంటున్నారు. అది చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది.

1919లో విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని వయొలిన్ అధ్యాపకుడిగా వేసుకున్నారు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయన బాణీ ఈ రోజుకీ శిష్యుల చేతుల్లో పలుకుతోందంటే, ఆనాడు ఒక పోస్టు ఇచ్చి ఆయన్ను అక్కడ నిలిపారు కాబట్టి. ఆయనకు దండలు వేసే సభలకు మీ శాఖ పెద్దలు వస్తూనే ఉన్నారు. దయచేసి ఆయన చేసిన ఉద్యోగం సంగతి కూడా ఆలోచించండి.

అయ్యా, పోస్టు భర్తీ చెయ్యండి. రెగ్యులర్‌గా కుదరకపోతే కాంట్రాక్టు మీద వెయ్యండి, అదీ కుదరకపోతే గెస్ట్ టీచర్ని వెయ్యండి. ఎవరో ఒకర్ని వెయ్యండి. సర్టిఫికెట్ పరీక్షలు దగ్గర పడుతున్నాయి, పిల్లలు టెన్షన్ పడుతున్నారు. పోస్టు భర్తీ అయ్యేవరకు నేను జీతం లేకుండా వచ్చి నేర్పుతానని రాసిచ్చిన కాగితానికి కూడా జవాబు లేదు. కనీసం దానికైనా అనుమతి ఇప్పించండి. ఆ బీరువా తాళం మర్నాడే తీయిస్తాను, తీగలు నేనే కొని వేస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వయొలిన్ టీచరు