అమెరికా పౌరసత్వం గురించి అంతా మాట్లాడుతున్నాం, మన చట్టం ఎంతమందికి తెలుసు?

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను చీపురుపల్లిలో దస్తావేజులు రాసుకుంటూ బతికేవాణ్ణి. అమెరికాలో పుట్టిన పిల్లల పౌరసత్వం గొడవ మొదలైనప్పటి నుంచి, పొలం కాగితాల కోసం నా దగ్గరికి వచ్చినవాళ్లు కూడా పని అయ్యాక కాసేపు కూర్చుని దాని గురించే అడుగుతున్నారు. వాళ్లు అడిగే తీరు చూస్తే వార్త చేరింది గానీ విషయం చేరలేదనిపిస్తోంది. అందుకే ఈ ఉత్తరం.

2025 జనవరి 20న ట్రంప్ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. తల్లి అక్రమంగా గానీ, వీసా మీద తాత్కాలికంగా గానీ అక్కడ ఉండి, తండ్రికి పౌరసత్వమో గ్రీన్ కార్డో లేకపోతే, బిడ్డ అక్కడ పుట్టినా పౌరుడిగా గుర్తించబోమని దాని సారాంశం. భార్యాభర్తలిద్దరూ హెచ్1బీ (ఉద్యోగం వీసా), హెచ్4 (ఆ ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద ఉంటే ఇందులోకే వస్తారు. 30 రోజుల తరువాత పుట్టేవాళ్లకి వర్తిస్తుందన్నారు. ఆ వారంలోనే మా వీధిలో ఒకాయన ఫోన్ పట్టుకుని పరుగున వచ్చాడు. కొడుకు, కోడలు డాలస్‌లో ఉంటారు, కోడలికి ఎనిమిదో నెల. "ఏటి బాబూ, ఆ తేదీ లోపల ఆపరేషన్ చేయించీమని మావోడికి సెప్పమంటావా?" అని అడిగాడు. నెలలు నిండని బిడ్డని ఒక తేదీ కోసం ముందే బయటికి తీయించాలా అని సొంత తాత అడుగుతున్నాడంటే ఆ ఇంట్లో టెన్షన్ ఏ స్థాయిలో ఉందో ఆలోచించండి. అప్పటికే సియాటెల్‌లో ఒక ఫెడరల్ జడ్జి, ఇది రాజ్యాంగానికి పచ్చిగా విరుద్ధమని చెప్పి ఆ ఉత్తర్వుని ఆపేశారు. ఆ ముక్క మాత్రం ఆయన ఫోన్‌లోకి రాలేదు.

జూన్‌లో అయితే మరీ ఘోరం. ఆ నెల 27న అమెరికా సుప్రీంకోర్టు 6-3తో తీర్పు ఇచ్చింది, పౌరసత్వం పోయినట్టే అన్న ధోరణిలో హెడ్డింగులు వచ్చేశాయి. కోర్టు తేల్చింది ఆ విషయమే కాదు. ఒక కింది కోర్టు జడ్జి దేశమంతటికీ వర్తించేలా స్టే ఇవ్వొచ్చా లేదా అన్నది మాత్రమే తేల్చింది, ఉత్తర్వు రాజ్యాంగబద్ధమా కాదా అన్న ప్రశ్నని అప్పుడు ముట్టుకోనే లేదు. రెండు వారాలు తిరక్కుండానే జూలై 10న న్యూహాంప్‌షైర్‌లో ఇంకో జడ్జి, పిల్లలందరి తరఫున వేసిన ఒకే కేసులో మళ్లీ ఆపేశారు. మన దగ్గర గట్టు తగాదా ఉన్న ప్రతి రైతుకీ స్టే ఎత్తేయడం వేరు, దావా ఓడిపోవడం వేరని చక్కగా తెలుసు. అంత తెలిసిన మనుషులకి అమెరికా కేసు అర్థం కాదా? చెప్పినవాళ్లు సరిగ్గా చెప్పలేదు, అంతే.

అసలు అక్కడ ఈ హక్కు ఎక్కడుందో కూడా చెప్పాలి. బానిసల సంతతికి పౌరసత్వం లేదని 1857లో అదే సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తరువాత అంతర్యుద్ధం జరిగి, 1868లో 14వ సవరణ వచ్చి, ఆ గడ్డ మీద పుట్టి ఆ దేశ అధికార పరిధిలో ఉన్నవాళ్లంతా పౌరులేనని రాజ్యాంగంలోకే ఎక్కింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకి పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్‌ని, చైనా వెళ్లి తిరిగొస్తే, నువ్వు మా పౌరుడివి కాదు పొమ్మన్నారు. ఆయన కోర్టుకెక్కి 1898లో గెలిచాడు. ఆయన తల్లిదండ్రులు అక్కడ స్థిరపడినవాళ్లు కాబట్టి తాత్కాలిక వీసాలవాళ్లకి ఆ తీర్పు వర్తించదని అవతలి పక్షం, అంటే ట్రంప్ ప్రభుత్వం, వాదన. వాదించనివ్వండి, అది కోర్టులో తేలాల్సిన మాట. కానీ ఆ సవరణ మార్చాలంటే కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) రెండు సభల్లో మూడింట రెండొంతుల మంది, ఆపైన నాలుగింట మూడొంతుల రాష్ట్రాలు ఒప్పుకోవాలి. అధ్యక్షుడి సంతకం ఒక్కటీ చాలదు.

ఇక మన సంగతి. నా దగ్గర ఈ చర్చ జరిగినప్పుడల్లా "ఇక్కడ పుట్టినోడు ఇక్కడోడే కదా" అంటారు, లాయర్ల గుమాస్తాలు కూడా అంటారు. అది 1987 జూన్ 30తోనే అయిపోయింది. 1955 పౌరసత్వ చట్టం మూడో సెక్షన్ తీసి చూడండి. మా ఇంట్లో నేను 1958లో పుట్టాను, నాకు పుట్టిన చోటు ఒక్కటీ చాలు. మా అబ్బాయి 1991లో పుట్టాడు, వాడికి తల్లిదండ్రుల్లో ఒకరైనా భారత పౌరులై ఉండాలి. 2004 డిసెంబర్ 3 నుంచి ఇంకా బిగించారు, కాబట్టి 2019లో పుట్టిన మనవరాలికి అమ్మానాన్నలిద్దరూ పౌరులు కావాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమంగా వచ్చినవారు కాకూడదు. ఒకే కంచంలో తినే ముగ్గురికి మూడు రూళ్లు. ఇవాళ విజయనగరం ఘోషాసుపత్రిలో పుట్టిన బిడ్డ బర్త్ సర్టిఫికెట్ పుట్టిన తేదీ, చోటు చెప్తుంది గానీ పౌరసత్వం చెప్పదు. ఆధార్ అసలే చెప్పదు, ఆ మాట ఆధార్ చట్టంలోనే ఉంది.

దీనికి రాజ్యాంగ సవరణ కూడా అక్కర్లేకపోయింది. మన రాజ్యాంగంలోని 11వ అధికరణ ఆ అధికారం పార్లమెంటుకి ఇచ్చేసింది, మామూలు చట్టంతో మార్చేశారు. మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ, దానికి అస్సాంలోకి వచ్చిన వలసల నుంచి మొదలుపెట్టాలి. నాకు బాధ కలిగించేది ఏమిటంటే, ఇంత పెద్ద మార్పు మన ఊళ్లలో చర్చ లేకుండానే జరిగిపోయింది.

ఉత్తరాంధ్ర వాళ్లకి ఇది తెలియకపోవడం ఇంకా బాధ. మా అమ్మ పుట్టింది బర్మాలోని రంగూన్‌లో. యుద్ధంలో 1942లో పిల్లాజెల్లాతో వచ్చేసిన కుటుంబాల్లో వాళ్లదీ ఒకటి. అక్కడ పుట్టినా, తల్లిదండ్రులు ఇక్కడ పుట్టినవాళ్లు, తను ఇక్కడే స్థిరపడింది కాబట్టి 5వ అధికరణ కింద ఆమె పౌరురాలైంది. రాజ్యాంగం 1950 జనవరి 26న అమల్లోకి వచ్చినా, పౌరసత్వం అధికరణలు మాత్రం 1949 నవంబర్ 26నే అమలయ్యాయి. ఆ 5వ అధికరణ, రాజ్యాంగం ముసాయిదా రాసిన డ్రాఫ్టింగ్ కమిటీకి ఎంత తలనొప్పి తెచ్చిందో అంబేడ్కర్ గారే రాజ్యాంగ సభలో చెప్పారు. దేశం రెండు ముక్కలై మనుషులు అటూఇటూ అయిపోతున్నప్పుడు రాసిన మాటలవి, ఊరికే రాసినవి కావు.

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులకి ఒక్క మాట. అక్కడి కోర్టు ఎటు తేల్చినా మీ మనవలు ఏ దేశమూ లేనివాళ్లు అయిపోరు. తల్లో తండ్రో భారత పౌరులైతే, బిడ్డకి వేరే దేశం పాస్‌పోర్టు లేదని రాసిచ్చి ఏడాది లోపల మన కాన్సులేట్‌లో నమోదు చేయించుకోవచ్చు. ఏడాది దాటితే కేంద్రం అనుమతి కావాలి, కాబట్టి బద్ధకించొద్దు.

ఎడిటర్ గారూ, కోర్టు వార్త వేసినప్పుడల్లా పక్కన చిన్న బాక్సు కట్టి, మారింది ఉత్తర్వా, చట్టమా, రాజ్యాంగమా, వచ్చింది స్టేనా, తుది తీర్పా అన్నది నాలుగు లైన్లలో వేయండి. జిల్లా ఎడిషన్‌లో వారానికి ఒకరోజు మన బార్ అసోసియేషన్‌లోని లాయర్ల చేత మామూలు తెలుగులో రాజ్యాంగం గురించి రాయించండి. మూడో సెక్షన్‌లోని ఆ మూడు రూళ్లతోనే మొదలుపెట్టమనండి.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి,
చీపురుపల్లి, విజయనగరం జిల్లా