చిన్నీకి, ఆ మియాటా సంగతి

విజయవాడ

చిన్నీ,

నువ్వు పంపిన రెండు కార్ల ఫోటోలూ పెద్దవి చేసుకుని చూశాను. ఈ రోజుల్లో పాత మాజ్డా మియాటా, అంటే ఆ ఇద్దరు పట్టే పైకప్పు లేని చిన్న స్పోర్ట్స్ కారు, కొనడం తెలివైన పనేనా, వట్టి ముచ్చటేనా అని అడిగావు. కొనుక్కో. కాకపోతే నువ్వు మనసు పారేసుకున్న పెన్సిల్వేనియా ఎర్ర కారు వద్దు. జార్జియాలో ఉన్న ఆ వెలిసిపోయిన తెల్ల కారు చూడు. ఎందుకో వివరంగా రాస్తున్నాను. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, కారు కింద దూరినప్పుడు చేతిలో కాగితం ఉంటే నయం.

జపాన్ పాత స్పోర్ట్స్ కార్లలో ఇంతకంటే పేరు మోసినవి ఉన్నాయి. డాట్సన్ 240జెడ్ 1970లో అమెరికాకి వచ్చినప్పుడు దాని ధర 3,526 డాలర్లు. ఇప్పుడు తుప్పు లేనిది దొరికితే అది వేలంపాటల సరుకు. మాజ్డాదే ఆర్ఎక్స్-7 మూడో తరం అమెరికాలో 1993 నుంచి 1995 దాకానే అమ్మారు. చూడ్డానికి దాన్ని మించింది లేదు. కానీ అందులో ఉన్నది రోటరీ ఇంజన్, దానిమీద జంట టర్బోలు. పిస్టన్ల బదులు తిరిగే మూడు మూలల రోటర్లకి, ఒక్కో మూలన గ్యాస్ పక్కకి పోకుండా ఆపే సన్నటి పట్టీ, అపెక్స్ సీలు, ఉంటుంది. అది అరిగినా విరిగినా ఇంజన్ మొత్తం దించి విప్పాల్సిందే. ఇంజన్ లోపలి ఒత్తిడి కొలిచే మామూలు కంప్రెషన్ గేజ్ పెడితే అసలు లెక్క తేలదు, రోటర్ ఒక్కో ముఖానికీ విడిగా చూపించే పరికరం కావాలి. నీకది మొదటి పాత కారు కాకూడదు.

మియాటా దారి వేరు. 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో చూపించారు, మొదటి ధర 13,800 డాలర్లు. మొదటి తరం 1997 దాకా నడిచింది, నాలుగు లక్షలకు పైగా తయారయ్యాయి. అన్ని కార్లు ఉన్నాయి కాబట్టే రబ్బరు బుష్ దగ్గర్నుంచి రేడియేటర్ దాకా ఇప్పటికీ దొరుకుతున్నాయి. మాజ్డా వాళ్ళే 2017లో జపాన్‌లో ఈ తరం కార్లని బాగు చేసిచ్చే పని పెట్టుకున్నారు. టాపు, స్టీరింగ్ లాంటివి మళ్ళీ తయారు చేయించారు, దానికి సరిపోయే కొలత టైరు కూడా చేయించారు. పాత కారు కొనేవాడికి ఇంతకంటే ధైర్యం ఏముంటుంది?

ఇంజన్ కూడా మొండిది. నాలుగు సిలిండర్లు, ఇనప బ్లాకు, పైన వాల్వులు తెరిచే రెండు క్యామ్‌షాఫ్టులు. మొదట్లో వచ్చిన 1.6 లీటర్లది 116 హార్స్‌పవర్. కారు బరువు టన్నుకి అటూ ఇటూ, అందుకే అది చాలు. ఆ క్యామ్‌షాఫ్టులని తిప్పే టైమింగ్ బెల్టు దారిలో తెగిపోయినా వాల్వులు పిస్టన్లకి తగలవు. కారు ఆగిపోతుంది, అంతే. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే పైనుంచి టికటిక చప్పుడొస్తుంది. అవి ఆయిల్ ఒత్తిడితో వాల్వుల సందు సరిచేసే హైడ్రాలిక్ లిఫ్టర్లు, ఆయిల్ నిండేదాకా అలాగే కొట్టుకుంటాయి. వేడెక్కాక ఆగిపోతే పట్టించుకోకు.

ఇంజన్ ఇంత మంచిది కావడం వల్లే కొనేవాళ్ళు పప్పులో కాలేస్తారు. బానెట్ ఎత్తుతారు, ఇంజన్ శుభ్రంగా తిరుగుతుంది, డబ్బు లెక్కపెట్టేస్తారు. ఈ కారుని చంపేది తుప్పు. అది మొదలయ్యేది తలుపు కింద, కాలు దాటించి లోపలికి ఎక్కేచోట ఉండే పెట్టె లాంటి పొడుగు భాగంలో. దాన్ని రాకర్ ప్యానెల్ అంటారు. పైకప్పు లేని కారు కాబట్టి బలమంతా దానిమీదే. అది పుచ్చిపోతే కారు నడుం విరిగినట్టే.

తుప్పు ఎలా పడుతుందో తెలిస్తే ఎక్కడ చూడాలో తెలుస్తుంది. గుడ్డ టాపు మీద పడ్డ వాన సీట్ల వెనక ఉన్న కాలువలోకి జారి, రెండు పక్కలా సీట్ బెల్టు స్తంభాల దగ్గరున్న చిల్లుల్లో పడి, గొట్టాల గుండా వెనక చక్రాల ముందు నేలమీదకి పోవాలి. చెట్టు కింద నిలిపిన కారులో ఆకులు కుళ్ళి ఆ చిల్లు మూసుకుంటాయి. నీళ్ళు పొంగి కార్పెట్ కిందకీ రాకర్ లోపలికీ చేరతాయి. పెన్సిల్వేనియాలో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు బయటినుంచి తింటుంది, ఈ నీళ్ళు లోపలినుంచి తింటాయి. బయటికి బుడగ కనబడేసరికి లోపలి పొరలు రాలిపోయి ఉంటాయి.

అందుకే ఎర్ర కారు మీద నాకు అనుమానం. 'కొత్తగా రంగు వేయించాం' అని రాశారు. కింద కూడా కొత్త నల్ల కోటింగ్ కొట్టినట్టు నాలుగో ఫోటోలో కనబడుతోంది. పైన పటారం, లోన లొటారం అనే అనుకో, కాదని తేలేదాకా. తెల్ల కారు రంగు ఎండకి వెలిసింది, బానెట్ మీద మెరుపు పోయింది. అది మంచి గుర్తు. ఎవరూ దేన్నీ దాచలేదు.

ఏ కారైనా ఇలా చూడు. వెనక చక్రానికి ముందు, రాకర్ చివర జానెడు మేర పలచటి గుడ్డ చుట్టిన అయస్కాంతం పెట్టి జరుపుతూ పో. అంటుకుంటూ వచ్చి ఒకచోట జారిపోయిందంటే కింద రేకు లేదు, పుట్టీ ఉంది. తర్వాత కింద పడుకుని రాకర్ అడుగంచు చూడు. జాకీ పెట్టి నలిపేసిన వంకరలు మామూలే, రేకు పొరలు ఉల్లిపాయలా విడిపోతుంటే మాత్రం మామూలు కాదు. సీట్ల వెనక కార్పెట్ ఎత్తి చెయ్యి పెట్టు, తడి తగలకూడదు. చివరగా ఒక గ్లాసు నీళ్ళు ఆ చిల్లులో నెమ్మదిగా పోసి, చక్రం ముందు కారుతున్నాయా లేదా చూడు. రెండు వైపులా చెయ్యి. ఒక పక్క జాకీతో లేపి తలుపు తెరిచి మూయడం కూడా మంచి పరీక్షే. కొంచెం బిగువు తేడా ఈ కార్లలో ఉంటుంది, తలుపు సందు కంటికి కనబడేంత మారితే వదిలెయ్.

రాకర్ బాగుచేయడం అంటే బయటి రేకు కోసి, లోపలి పొరలు కోసి, కొత్తవి వెల్డు చేసి, మళ్ళీ రంగు. ఆటోనగర్‌లో లారీ బాడీలు మొత్తం కట్టేవాళ్ళకి ఇదో పనే కాదు. నీ దగ్గర గంటల లెక్కన కూలీ. రెండు పక్కలా చేయిస్తే కారు ధరలో పెద్ద ముక్క అక్కడే పోతుంది. దాన్ని కలిపి చూస్తే చవకగా దొరుకుతున్న ఎర్ర కారు చవక కాదు.

ఎర్ర కారు 1991ది కావడం ఇంకో చిక్కు. 1990లోనూ 1991 మొదట్లోనూ వచ్చిన ఇంజన్లలో క్రాంక్‌షాఫ్ట్, అంటే పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు, ముందు కొస పొట్టిగా ఉంటుంది. ఆ కొస మీద బెల్టులు తిప్పే చక్రాన్ని, పులీని, పట్టి ఉంచే ఆధారం తక్కువ. టైమింగ్ బెల్టు మార్చినప్పుడు మధ్య బోల్టు సరిగా బిగించకపోతే పులీ సన్నగా కదలడం మొదలెట్టి, తాళం చెవిలాంటి చిన్న ఇనప ముక్క కూర్చునే గాడిని కొరికేస్తుంది. అప్పుడు టైమింగ్ జారి బండి నీరసిస్తుంది, పులీ తిరుగుతూ ఊగుతుంది. గుర్తుపట్టడం తేలిక: టార్చి వేసి క్రాంక్ పులీ ముందు భాగం చూడు. గాళ్ళు నాలుగుంటే పొట్టి కొస, ఎనిమిదుంటే తర్వాత సరిచేసిన పొడుగు కొస. నాలుగున్న కార్లన్నీ చెడ్డవని కాదు, చాలా కార్లు రెండు లక్షల మైళ్ళు తిరిగాయి. నీకు మాత్రం ఆ జూదం అక్కర్లేదు. ఇంజన్ తిరుగుతుండగా పులీ ఊగితే నమస్కారం పెట్టి వచ్చెయ్.

తెల్లది 1994. ఆ ఏడాది ఇంజన్ 1.8 లీటర్లకి పెరిగి 128 హార్స్‌పవర్ అయింది, వెనక చక్రాలకి శక్తిని పంచే డిఫరెన్షియల్ పెద్దదైంది, పక్క సీటుకి కూడా ఎయిర్‌బ్యాగ్ వచ్చింది. ఈ ఆఖరిది నాకు ముఖ్యం. ఎయిర్‌బ్యాగులు ఉన్నా ఇది ముప్ఫై ఏళ్ళ కిందటి చిన్న కారు, హైవే మీద పెద్ద పికప్‌ల బంపరు నీ చెవి ఎత్తున ఉంటుంది. టాపు తీసి నడిపేటప్పుడు సీట్ వెనక రోల్ బార్, అంటే కారు బోల్తాపడితే తల కాపాడే ఇనప కమాను, ఉంటే నాకు నిద్ర పడుతుంది.

తెల్ల కారు ఫోటోల్లో ఇంజన్ వెనక కింది భాగం ఆయిల్‌తో నల్లగా ఉంది. అమ్మేవాడు క్రాంక్‌షాఫ్ట్ వెనక కొసన ఆయిల్ ఆపే రియర్ మెయిన్ సీల్ పోయింది అంటాడు, గేర్‌బాక్స్ దించాలంటాడు. నువ్వూ నిజమే అన్నట్టు తలూపి ధర తగ్గించు. పది సార్లలో ఎక్కువ సార్లు అది సిలిండర్ హెడ్ వెనక క్యామ్‌షాఫ్ట్ ఎక్కడుందో చెప్పే క్యామ్ యాంగిల్ సెన్సర్‌కి ఉన్న ఒక చిన్న రబ్బరు ఓ-రింగ్. వేడికి గట్టిపడి కారుతుంది, ఆ ఆయిల్ కిందకి జారి సీలు పోయినట్టు కనబడుతుంది. మార్చడం నీ చేతి పనే. ఇంజన్ చల్లారాక సెన్సర్ మీదా హెడ్ మీదా కలిసేలా తెల్ల రంగుతో ఒక గీత గియ్యి. కనెక్టర్ పీకి, 12 నంబర్ బోల్టు ఒక్కటి తీసి, సెన్సర్‌ని వెనక్కి లాగు. బోల్టు కంటికి కనబడదు, వేలితో తడిమి పట్టుకోవాలి, విసుగొస్తుంది. పాత రింగు ప్లాస్టిక్ గాజులా ఊడొస్తుంది. కొత్తదానికి ఆయిల్ రాసి తొడిగి, సెన్సర్ గాటు క్యామ్‌లో పడేదాకా తిప్పుతూ తోసి, గీతలు కలిపి బిగించు. తర్వాత బానెట్ కింద డయాగ్నసిస్ డబ్బాలో TEN, GND అని రాసి ఉన్న రెంటినీ చిన్న తీగతో కలిపి, ఇంజన్ నిమిషానికి 850 చుట్లతో ఊరికే తిరుగుతుండగా టైమింగ్ లైటుతో 10 డిగ్రీలు చూడు.

కొన్నాక మొదటి నెలలో చేయాల్సినవి. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు చూపించకపోతే మార్చలేదనే లెక్క. 60,000 మైళ్ళకోసారి కొత్తది పడాలి. బెల్టుతో పాటు దాన్ని బిగువుగా, దారిలో ఉంచే టెన్షనర్, ఐడ్లర్, వాటర్ పంపు, రెండు క్యామ్ సీళ్ళు, క్రాంక్ ముందు సీలు ఒకేసారి వేయించు, అక్కడిదాకా విప్పే కూలీ ఎటూ ఒకటే. మెకానిక్‌తో బెల్టు బిగించాక రెండు క్యామ్ పులీల గుర్తుల మధ్య 19 పళ్ళు లెక్కపెట్టించి, చేత్తో ఇంజన్‌ని రెండు చుట్లు తిప్పి మళ్ళీ చూడమను. రేడియేటర్ పైన ప్లాస్టిక్ తొట్టి నల్లగా ఉండాలి. ఆకుపచ్చగానో గోధుమరంగులోనో మారితే పగలడానికి సిద్ధంగా ఉందని అర్థం, అదే రోజు మార్చెయ్. కూలెంట్ మొత్తం 6 లీటర్లు పడుతుంది. క్లచ్ పెడల్ మెత్తగా కిందకి పోతే గేర్‌బాక్స్ పక్కన క్లచ్‌ని నెట్టే స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగు ఎత్తి చూడు, లోపల తడి ఉంటే అది పోయింది. పెడల్ దగ్గరుండే పై సిలిండర్ (మాస్టర్), ఈ కిందది రెండూ కలిపి మార్చు. ఒక్కటే మారిస్తే రెండోది వెంటనే వంతు అడుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు మొరాయిస్తే భయపడకు, 75డబ్ల్యు-90 జీఎల్-4 రకం గేర్ ఆయిల్ 2 లీటర్లు మార్చి చూడు.

బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. మామూలుది పెట్టకు, సీలు చేసిన ఏజీఎం రకం, గాలి గొట్టాలు తగిలించేది పెట్టాలి. లేకపోతే ఆమ్లం ఆవిరి కింది రేకుని తింటుంది. టాపు వెనక ప్లాస్టిక్ కిటికీ జిప్ తీయకుండా, పైగా చలిలో, టాపు మడిచావంటే టప్పున చీలుతుంది. టైర్లు 185/60 ఆర్14, గాలి 26 పీఎస్ఐ. అరగకపోయినా టైరు పక్కన నాలుగంకెల తేదీ చదువు. చివరి రెండంకెలు తయారైన సంవత్సరం. పాతబడితే గట్టిపడి వానలో జారుతుంది.

డబ్బు సంగతి. కారు ధరలో మూడోవంతు మొదటి ఏడాది ఖర్చుల కోసం పక్కన పెట్టుకోగలిగితేనే కొను. ఇదొక్కటే కారుగా పెట్టుకోవద్దు, నీ కరోలా అమ్మకు. ధర ముందే ఒప్పుకుని ఇచ్చే పాత కార్ల ఇన్సూరెన్స్ వాళ్ళు కూడా సాధారణంగా రోజువారీకి ఇంకో కారు ఉందా, ఇది నిలపడానికి గ్యారేజీ ఉందా అని అడుగుతారు. ఉప్పు చల్లిన నెలల్లో బయటికి తీయకు. తిరిగొచ్చేటప్పుడు వెంట తెచ్చుకోవచ్చులే అని మనసులో ఉంటే అది తీసెయ్: మూడేళ్ళు దాటిన వాడిన కారుని, ఎడమవైపు స్టీరింగ్ ఉన్నదాన్ని మన దేశం దిగుమతి చేసుకోనివ్వదు. అమ్మేసే రావాలి. తుప్పు లేని మియాటాకి కొనేవాడు ఎప్పుడూ ఉంటాడు.

మీ న్యూజెర్సీ ఎడిసన్ నుంచి జార్జియాకి విమానం టికెట్ కొనేముందు అతన్ని నాలుగు ఫోటోలు అడుగు: రెండు రాకర్ల అడుగంచులు, సీట్ల వెనక ఎత్తిన కార్పెట్, రేడియేటర్ తొట్టి, టైర్ల తేదీలు. నువ్వు వెళ్ళేసరికి ఇంజన్ చల్లగా ఉంచమను, ముందే వేడి చేసి ఉంచితే ఏదో దాస్తున్నాడనుకో. నచ్చినా తెలియని బెల్టుతో అంత దూరం నడుపుకుంటూ రాకు, ట్రక్కు మీద పంపించుకో. ఫోటోలు రాగానే నాకు పంపు, ఇక్కడ అర్ధరాత్రయినా ఫర్వాలేదు. అమ్మ ఒక్కటే అడగమంది: అందులో ఇద్దరే పడతారట కదా, మేం వస్తే ఎలా అని. కరోలా ఉంటుందని చెప్పాను.

నాన్న