4కె మోజు వద్దు గానీ, కార్డు మాత్రం కావాలి

కావలి

బుజ్జీ,

నువ్వు పంపిన రెండు లాప్‌టాప్‌ల వివరాలూ చూశాను. ఒకదానికి 4కె తెర ఉంది, తెర మీది బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు విడిగా లేదు. రెండోదానికి ఆర్‌టిఎక్స్ 4060 కార్డు ఉంది, తెర మామూలు 1920×1080. ధరలో పెద్ద తేడా లేదు. నీ మనసు మొదటిదాని మీదే ఉందని తెలుస్తూనే ఉంది. ఫోనులో చెబితే ‘సరే నాన్నా, సరే’ అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

బ్యానర్లు, శుభలేఖలు ప్రింటు చేసేవాణ్ని, చుక్కల (పిక్సెళ్ల) లెక్క నాకు కొత్త కాదు. రొట్టెల పండక్కి నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర కట్టే స్వాగత బ్యానరుకు అంగుళానికి 72 చుక్కలు ఇచ్చినా ఎవరూ వంక పెట్టరు, రోడ్డు అవతలి నుంచి చూస్తారు కనుక. అదే శుభలేఖకు 300 ఇవ్వకపోతే పెళ్లికూతురి తండ్రి కళ్లద్దాలు సర్దుకుని మరీ ‘అక్షరాలు అలుక్కుపోయాయండీ’ అంటాడు. చూసే దూరాన్ని బట్టే చుక్కలు. లాప్‌టాప్ ఈ రెంటికీ మధ్యన, కంటికి అడుగున్నర, రెండడుగుల దూరంలో ఉంటుంది.

15.6 అంగుళాల తెర మీద 1920×1080 అంటే అంగుళానికి 141 చుక్కలు. అదే తెర మీద 4కె, అంటే 3840×2160 అయితే, 282. మొత్తం చుక్కలు 20.7 లక్షల నుంచి 83 లక్షలకు, సరిగ్గా నాలుగింతలకు పెరుగుతాయి. 16 అంగుళాల తెర మీద 2560×1600 తీసుకుంటే అంగుళానికి 189 వస్తాయి. ఆ దూరం నుంచి చూసే కంటికి అది చాలు. అంతకు మించి పెట్టినా చూడగలిగింది పెద్దగా ఉండదు.

అలాగని 141 బ్రహ్మాండంగా ఉంటుందని అనను. చిన్న సైజు అక్షరాల్లో ‘రాష్ట్ర’ అన్న మాట తెరిచి చూడు. ష కింద ట వత్తు, దాని పక్కన ర వత్తు కలిసి మచ్చలా కనిపిస్తాయి. ఇంగ్లిషు అక్షరాలకు ఈ బాధ లేదు కనుక, తయారు చేసేవాళ్లకు పట్టదు. నీ ప్లానుల్లో గోడల్లాంటివి నింపడానికి దగ్గర దగ్గరగా గీసే హాచింగ్ గీతలదీ ఇదే గతి.

4కె తీసుకుంటే తెర మీద ఎక్కువ పడుతుందని నువ్వు రాశావు. పట్టదు. ఆ సైజు తెర మీద 4కెను ఉన్నది ఉన్నట్టు వాడితే అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. విండోస్‌లో స్కేలింగ్‌ను (అక్షరాలు, బొమ్మల సైజును) 200 శాతానికో 250 శాతానికో పెంచాల్సిందే. పెంచాక మిగిలే చోటు మామూలు తెరలో ఉన్నంతే, గీతలు నునుపవుతాయి, అంతే. పైగా పాత సాఫ్ట్‌వేర్లకు ఈ స్కేలింగ్ పడదు. పేజీలు కూర్చే 2001 నాటి పేజ్‌మేకర్‌ను ఇప్పటికీ వాడుతున్నవాడిని చెబుతున్నాను, అందులో నొక్కాల్సిన చిన్న బొమ్మలు వెతుక్కోవడానికి భూతద్దం కావాలి.

ఇక కార్డు. నువ్వు కంప్యూటర్స్ చదువుతూ ఉంటే అసలు వద్దనేవాణ్ని. కోడ్ రాసుకోవడానికి, నెట్ చూసుకోవడానికి ప్రాసెసరులో కలిసి వచ్చే గ్రాఫిక్స్ చాలు. నీది ఆర్కిటెక్చర్, అయిదేళ్ల చదువు. ఆటోక్యాడ్‌లో గీతలు గీయడానికి కార్డు కంటే ప్రాసెసరు వేగమే ముఖ్యం, భవనం త్రీడీ నమూనా కట్టే రెవిట్ కూడా చాలావరకు అంతే. కానీ సీనియర్లు చూపించారన్నావే, కట్టబోయే భవనాన్ని ఫోటోలా చూపించే లూమియన్, అది పూర్తిగా కార్డు మీదే నడుస్తుంది. చెట్లు, నీళ్లు, గాజు మీద పడే ఎండ, ఇవన్నీ అప్పటికప్పుడు గీసేది కార్డే. విడి కార్డు లేని 4కె యంత్రంలో ఆ 83 లక్షల చుక్కలనూ నింపాల్సిన భారం చిన్న గ్రాఫిక్స్ మీద పడుతుంది. దానికి సొంత మెమరీ కూడా ఉండదు, ర్యామ్‌లోంచే అరువు తెచ్చుకుంటుంది.

కార్డు పేరు చూసి మాత్రం మోసపోకు. లాప్‌టాప్‌లో వచ్చే 4060కు ఎంత కరెంటు ఇవ్వాలన్నది తయారు చేసే కంపెనీ ఇష్టం. 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఏదైనా కావచ్చు. పేరు అదే, స్టిక్కరు అదే, పనిలో మాత్రం పొంతన ఉండదు. షాపులో మూత తెరిచి ఉన్నది చూపిస్తే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ నొక్కు, మాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్ అని ఒక వరుస ఉంటుంది. సేల్స్ కుర్రాడు ‘అన్నీ ఒకటే మేడమ్’ అన్నా నువ్వు ఆ వరుస చూడకుండా కదలకు. కార్డు సొంత మెమరీ కూడా చూడు. 4060లో 8 జీబీ, 4050లో 6 జీబీ ఉంటుంది. 3050ని 4 జీబీతోనూ 6 జీబీతోనూ ఒకే పేరుతో అమ్ముతున్నారు. నీకు 8 ఉంటే మంచిది, లాప్‌టాప్ కార్డుకు మెమరీని తర్వాత పెంచుకోలేం. ర్యామ్ సంగతి వేరు. ఖాళీ స్లాటు ఉంటే 16 జీబీతో మొదలుపెట్టి, అవసరమైనప్పుడు పెంచుదాం.

రెండోదే తీసుకోమంటున్నాను గానీ నాకొక అనుమానం ఉంది. కార్డుకు డబ్బు పెట్టి తెర దగ్గర పొదుపు చేయడం ఈ కంపెనీలకు అలవాటు. వివరాల్లో రంగుల కొలత 45 శాతం ఎన్‌టిఎస్‌సి, వెలుగు 250 నిట్స్ అని ఉంటే వదిలెయ్. అలాంటి తెర మీద మామిడాకు పచ్చ చీర వెలిసినట్టు కనిపిస్తుంది. పెళ్లి ఆల్బమ్ తయారుచేసే ఆపరేటరు, పాపం, రంగు పెంచుతాడు. తీరా ప్రింటయి వచ్చాక ఆ పచ్చ కళ్లలో గుచ్చుకుంటుంది. నువ్వు ఇటుక గోడకు రంగు ఎంచి షీటు ప్రింటు తీస్తే నీకూ అదే జరుగుతుంది. రంగులు 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ, వెలుగు కనీసం 300 నిట్స్ ఉండాలి. ఒకే మోడల్‌లో రెండు రకాల తెరలు అమ్ముతారు కనుక పెట్టె మీది పూర్తి మోడల్ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూడు. అందులోనే 2560×1600 దొరికితే అయిదారు వేలు ఎక్కువైనా పరవాలేదు. దొరక్కపోతే మంచి రంగులున్న 1920×1200 తీసుకో, నిలువులో ఇంకో 120 వరుసలు కలిసొస్తాయి.

ఇలాంటివి బరువుంటాయి, చార్జరు కూడా ఇటుకంత ఉంటుంది. కరెంటు పోయి బ్యాటరీ మీద నడిచేటప్పుడు కార్డు జోరు తగ్గుతుంది, రెండరింగ్, అంటే లూమియన్‌లో బొమ్మలు తయారుచేసే పని, ప్లగ్గు ఉన్నచోటే పెట్టుకో. రోహిణి కార్తెలో హాస్టలు గది ఎలా ఉంటుందో నీకు తెలుసు. పరుపు మీద పెట్టి వాడితే కింద గాలి రంధ్రాలు మూసుకుపోయి, ఎంత ఖరీదైన కార్డయినా వేడికి నెమ్మదిస్తుంది.

లక్షా పది వేల దాకా సర్దుతాను. అమ్మకు లక్ష అని చెప్పాను, నువ్వూ అంతే చెప్పు. శనివారం షాపుకు వెళితే సాయంత్రం వెళ్లు, మధ్యాహ్నం దాకా నాకు బ్యానర్ల హడావుడి ఉంటుంది. పెట్టె పక్కన ఉండే లేబులు ఫోటో తీసి పంపు, నేను చూసి చెప్పేదాకా డబ్బు కట్టకు.

నాన్న