ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో చూపించిన ఆ వీడియో గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

కొన్ని రోజులుగా మీ వాట్సాప్ గ్రూపుల్లో నడుస్తున్న చర్చ నాదాకా వచ్చింది. "బడిలో డిప్రెషన్ పాఠాలు చెబుతున్నారట" అని ఒకరు, "చదువు మానేసి యూట్యూబ్ చూపిస్తున్నారు" అని ఇంకొకరు, "మా పిల్లకేమన్నా పిచ్చా?" అని మరొకరు. ఒక నాన్నగారు ఫోన్ చేసి, రాత్రి అన్నం తింటుంటే కొడుకు "నాన్నా, నువ్వేమన్నా టెన్షన్‌లో ఉన్నావా?" అని అడిగాడని ఫిర్యాదు చేశారు. ఉన్నారా అని నాకూ అడగాలనిపించింది, బాగుండదని ఊరుకున్నాను.

జరిగింది చెబుతాను. అక్టోబర్ 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. ఆ రోజు ఎనిమిది, తొమ్మిది తరగతులకు మా జీవశాస్త్రం టీచర్ డిజిటల్ బోర్డు మీద ఒక వీడియో చూపించారు. అది ఎక్కడో దొరికిన రీల్ కాదు. కరోనా కాలంలో, 2020 జూలైలో, కేంద్ర విద్యాశాఖ విద్యార్థుల మానసిక ఆరోగ్యం కోసం 'మనోదర్పణ్' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. దాని కింద ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు కౌన్సెలర్లతో పిల్లల కోసం చేయించిన కార్యక్రమాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. పరీక్షల భయం, కోపం, స్నేహితులతో గొడవలు, ఇలాంటి విషయాలే. మేము ఏ పిల్లాడి చేతికీ ఫోన్ ఇవ్వలేదు. ఎవరి పేరుతోనూ అకౌంట్ తెరవలేదు. "ఈ పది ప్రశ్నలకు జవాబిస్తే మీ జబ్బేంటో చెబుతాం" అనే క్విజ్‌ల జోలికి అసలే పోలేదు.

ఇబ్బందల్లా భాషతోనే. వీటిలో ఎక్కువ భాగం హిందీలోనో ఇంగ్లిష్‌లోనో ఉంటాయి. అందుకని టీచర్ ముందుగా ఇంట్లో మొత్తం చూసి, మన పిల్లలకు పనికొచ్చే ముక్క ఏరుకుని, క్లాసులో మధ్యమధ్య ఆపుతూ తెలుగులో మాట్లాడించారు. పాఠం నడిచింది ఆ ఆపిన చోట్లే. వీడియో పెట్టేసి స్టాఫ్‌రూముకి వెళ్లిపోతే అది కాలక్షేపం. అలా ఎవరు చేసినా నేను ఊరుకోనని టీచర్లందరికీ తెలుసు.

ఇలాంటివి మాట్లాడితే పిల్లలకు లేనిపోని ఆలోచనలు వస్తాయేమోనని కొందరు భయపడుతున్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆత్మహత్య గురించి అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 10 నుంచి 19 ఏళ్ల వయసువారిలో ప్రతి ఏడుగురిలో ఒకరు ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారన్నదీ ఆ సంస్థ లెక్కే. మీ అబ్బాయి తరగతిలో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు కాబట్టి, మిగతా లెక్క మీరే వేసుకోండి.

ఇక తొమ్మిదో తరగతి బి సెక్షన్ అమ్మాయిల సంగతి చెప్పకుండా ఉండలేను. ఆ వీడియో చూశాక, "టీచర్, ఇది మనూరి వాళ్లకు ఎక్కదు, మేం చెబుతాం" అని ముగ్గురు కలిసి బుర్రకథ కట్టారు. ప్రోగ్రెస్ కార్డు బియ్యం డబ్బాలో దాచిన పిల్లాడి కథ. తంబురా పట్టిన అమ్మాయి గొంతు గేటు దాకా వినబడింది. హాస్యం చెప్పే పిల్ల మీసం పెట్టుకుని "పక్కింటోడికి తొంభై, నీకెంతరా?" అనగానే హాలంతా ఒకటే నవ్వు. తర్వాత తంబురా అమ్మాయి కాసేపు తాళం ఆపి, ఆ పిల్లాడు రాత్రి నిద్రపట్టక ఏమనుకున్నాడో మామూలు మాటల్లో చెప్పింది. చివర్లో హెల్ప్‌లైన్ నంబర్‌ని 'తందాన తాన' వరసలో అందరి చేతా పాడించారు. ఇప్పుడు ఒకటో తరగతి పిల్లలు కూడా 14416 పాడుతూ తిరుగుతున్నారు. బుర్రకథ చెప్పిన ఆ ముగ్గురి పేర్లు రాయొద్దని వాళ్లే అడిగారు, లేకపోతే పెద్దక్షరాల్లో వేసేదాన్ని.

ఆ నంబర్ మానసిక ఇబ్బందులకు ఫోన్‌లో సలహా ఇచ్చే టెలి మానస్‌ది. కేంద్ర ఆరోగ్యశాఖ 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టింది. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. పెద్దవాళ్లు కూడా చేయొచ్చు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న విషయం. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక పదిహేడేళ్ల అమ్మాయి మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇస్తూ విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు పెట్టింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న చోట శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలి. హెల్ప్‌లైన్ నంబర్లు తరగతి గదుల్లో పెద్దగా కనబడాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం, నలుగురిలో అవమానించడం వీలైనంతవరకు మానుకోవాలి. ఈ తీర్పు వచ్చాక కూడా "మా వాడికి ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్ విడిగా పెట్టండి, మిగతావాళ్లతో కలిస్తే పాడైపోతాడు" అని నా గదికి వస్తున్నారు! పెట్టను. నేనున్నంతకాలం పెట్టను. 'మిగతావాళ్లు' అంటే ఎవరు? బుర్రకథ కట్టిన ఆ ముగ్గురిలో ఇద్దరికి లెక్కల్లో పాస్ మార్కులు కూడా రాలేదు. మూడో పీరియడ్‌లో ఒత్తిడి గురించి వీడియో చూపించి, నాలుగో పీరియడ్‌లో వెనకబడ్డవాళ్లను వేరే గదికి పంపిస్తే, ఆ వీడియోని పిల్లలు నమ్ముతారా? నేనైతే నమ్మను.

మీరు పిల్లలకోసం ఎంత కష్టపడుతున్నారో మాకు తెలుసు, అందుకు ఎంతో సంతోషం. అయితే పరీక్ష పేపర్లు ఇచ్చిన గంటలోనే మీ పిల్లల మార్కులు గ్రూపులో పెట్టి, పక్కవాళ్లవి అడగడం దయచేసి ఆపండి. రాత్రి పదకొండింటికి క్లాస్ టీచర్‌కి ఫోన్ చేసి "అర మార్కు ఎందుకు తగ్గింది" అనడం కూడా. బడి పిల్లలకు ఫోన్ అలవాటు చేస్తోందని కోప్పడిన గ్రూపులోనే ఈ మార్కుల మెసేజ్‌లు అర్ధరాత్రి దాటాక కూడా వచ్చాయి. ఆ వేళకు ఆ ఇంట్లో పిల్లలు నిద్రపోతున్నారా అన్నది మీరే చూసుకోండి.

మిగతావి: అపార్ (విద్యార్థి గుర్తింపు సంఖ్య) అంగీకార పత్రాలు ఇవ్వనివారు ఇచ్చేయండి, రెండో టర్మ్ ఫీజు గడువు నెలాఖరు, కార్తీక వనభోజనాలకు స్టీలు డబ్బాలే, ప్లాస్టిక్ వద్దు.

కౌన్సెలర్ మంగళ, శుక్రవారాల్లో లైబ్రరీ పక్క గదిలో ఉంటారు. పిల్లలు ఎవరినీ అడగకుండా వెళ్లొచ్చు. ఏం మాట్లాడావని ఇంటికొచ్చాక నిలదీయకండి.

వచ్చే శనివారం మధ్యాహ్నం మూడింటికి హాల్లో అదే వీడియో మీకూ చూపిస్తాం, బుర్రకథ మళ్లీ ఉంటుంది. ఫోన్లు సైలెంట్‌లో పెట్టుకోండి. క్రితంసారి సమావేశానికి వచ్చిన నాన్నలందరూ ఒకే బెంచీలో సరిపోయారు, ఈసారి కుర్చీలు ఎక్కువే వేయిస్తున్నాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు