తెర నల్లబడితే మానిటర్ పోయినట్టు కాదు

సంపాదకులు గారికి,

బడుల్లో, చిన్న ఆఫీసుల్లో పాత ఎల్‌సీడీ మానిటర్ తెర నల్లబడగానే తుక్కు కింద తూకానికి వేసేస్తున్నారు. వేసేముందు దాన్ని కంప్యూటర్‌కు తగిలించి ఆన్ చేసి, టార్చిలైటు ఏటవాలుగా తెరమీదకు కొట్టి చూడండి. బొమ్మ మసకగా కనిపిస్తే ప్యానెల్ బాగున్నట్టే. పోయింది వెనక వెలిగే లైటు.

పవర్ బోర్డు మీద తల ఉబ్బిన కెపాసిటర్లు (కరెంటు నిల్వ ఉంచే చిన్న డబ్బాలు) ఉంటే ముందు అవి మార్చండి. చాలాసార్లు పని అక్కడితోనే అయిపోతుంది. ప్లగ్ తీసినా పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు, మీటరు పెట్టి చూడకుండా చెయ్యి పెట్టొద్దు. లైటు గులాబీరంగులో వచ్చి రెండు సెకన్లకే ఆరిపోతుంటే మాత్రం తెర వెనక వెలిగే సన్నని సీసీఎఫ్‌ఎల్ ట్యూబులు అరిగాయని అర్థం. వాటి స్థానంలో ఎల్‌ఈడీ పట్టీ వేసుకోవచ్చు.

19 అంగుళాల పాతరకం 5:4 (దాదాపు చదరంగా ఉండే) మానిటర్‌కు పైన ఒకటి, కింద ఒకటి, 37.5 సెంటీమీటర్ల పట్టీలు రెండు కావాలి. 12 వోల్టులది, మీటరుకు 120 ఎల్‌ఈడీలున్నది, చలువ తెలుపు (కూల్ వైట్) తీసుకోండి. మూడేసి ఎల్‌ఈడీలకు ఒక కోత గుర్తుంటుంది, అక్కడే కత్తిరించాలి. మీటరుకు 60 ఉన్నది తెస్తే తెర అంచున చుక్కలు చుక్కలుగా వెలుగు పడుతుంది. షాపులో మామూలుగా ఇచ్చే 8 మిల్లీమీటర్ల పట్టీ ట్యూబు గాడిలో పట్టదు, 4 మిల్లీమీటర్లది అడగాలి. గాడి లోహపుది కాబట్టి కోసిన చివర్లకు వేడికి ఆగే టేపు చుట్టకపోతే షార్టవుతుంది.

ఇన్వర్టర్‌కు (మానిటర్ లోపల ట్యూబులకు ఎక్కువ వోల్టేజీ ఇచ్చే బోర్డు) వెళ్లే సప్లై 12 వోల్టులే ఉంటుందనుకోవద్దు. 14, 18 వచ్చే బోర్డులూ ఉన్నాయి. నేరుగా ఇస్తే పట్టీ వేడెక్కి త్వరగా మాడిపోతుంది. మధ్యలో బక్ కన్వర్టర్ (వోల్టేజీ తగ్గించే చిన్న బోర్డు) పెట్టి 12కు తిప్పుకోవాలి. పట్టీ నెగటివ్‌ను లాజిక్ లెవెల్ మాస్‌ఫెట్ (బోర్డు ఇచ్చే చిన్న సిగ్నల్‌తోనే పనిచేసే స్విచ్) ద్వారా గ్రౌండుకు కలిపి, దాన్ని ఆన్ చేసే కాలు అయిన గేటును బోర్డు మీది లైట్ ఆన్ సిగ్నల్‌కు ఇవ్వండి. గేటుకూ గ్రౌండుకూ మధ్య 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ వేయాలి. ఈ రెసిస్టర్ లేకపోతే కంప్యూటర్ నిద్రపోయినా తెర వెలుగుతూనే ఉండొచ్చు. పాత ఇన్వర్టర్‌కు సప్లై తెంచేయడం మరవొద్దు, దాని కనెక్టర్ల దగ్గర వందల వోల్టులుంటాయి. ఇంత తంటా ఎందుకనుకుంటే డ్రైవర్ బోర్డుతో సహా రెడీమేడ్ కిట్లు దొరుకుతాయి. ఇంట్లో చేసిందే గొప్పని మేమనం.

వెలుగును తెరంతా సమంగా పరిచే డిఫ్యూజర్ షీట్లు తీసిన వరసలోనే తిరిగి పెట్టాలి. వేలిముద్ర పడితే తెరమీద మచ్చే. తీసిన ట్యూబులు చీపురుపుల్లంత సన్నంగా ఉంటాయి, లోపల పాదరసం ఉంటుంది. వాటిని చెత్తబుట్టలో వేయకుండా పేపర్లో చుట్టి, అనుమతి ఉన్న ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఇవ్వండి.

– మానిటర్ మెకానిక్‌లు, హైదరాబాద్